రెండు వేళ్ళ నొప్పి

మొన్న బాపట్లలో పంటి డాక్టరు గారి దగ్గర బెంచీ మీద కూర్చుని, నా నంబరు ఈ జన్మలో రాకుండా ఉంటే బాగుండునని మొక్కుకుంటున్నాను. లోపలినుంచి మిషను శబ్దం వస్తోంది. రైస్‌మిల్లుకీ కందిరీగకీ పెళ్ళయి, పుట్టిన పిల్లకి పళ్ళొస్తుంటే ఎలా ఏడుస్తుందో అలా ఉంది.

తలుపు తెరుచుకుని, నోట్లో దూది కొరికి పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన బయటికి వచ్చాడు. నా పక్కన కూర్చున్న ఆకుపచ్చ చీర అమ్మాయి గభాల్న లేచి ఆయనకి అడ్డం నిలబడింది.

"అన్నయ్యగారూ, మీరేం మాట్లాడకండి. వేళ్ళు చూపించండి చాలు."

ఆయన తెల్లబోయాడు. ఏం వేళ్ళని అడుగుదామంటే నోట్లో దూది.

"నొప్పండీ, నొప్పి. పది వేళ్ళకి ఎన్ని వేళ్ళ నొప్పి?"

ఆయన ఆ అమ్మాయి ముఖం వంక చూశాడు, కాసేపు ఆలోచించాడు, మూడు వేళ్ళు చూపించి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి గుండె మీద చెయ్యేసుకుని కూర్చుంది.

నేను మాత్రం కూర్చున్నచోటే తూలిపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్న నాకు తెలుసు. అది పుట్టిన బెంచీ తెలుసు, దాన్ని పుట్టించిన మనిషి తెలుసు. తెలుసు అని ఇంత ధీమాగా రాస్తున్నాను గానీ, ఆయన పేరేమిటో నాకు తెలియదు. ఊరు రేపల్లె అనుకుంటాను. అదీ ఆయన రేపల్లె రైలు దిగి వచ్చేవారు కాబట్టి.

అప్పట్లో నేను తెనాలిలో ఉండేవాణ్ణి. ఒకరోజు పొద్దున్న లేచేసరికి కుడి బుగ్గ వాచి ఉంది. వాచిందంటే మీరు మామూలు వాపు అనుకుంటారు. అద్దంలో నేను పట్టలేదు. బుగ్గకొక అద్దం, నాకొక అద్దం కావలసి వచ్చింది. నేను వీధి గుమ్మం దాటేసరికి బుగ్గ పక్కూరు అంగలకుదురు పొలిమేరల్లో ఉంది. దాని వెనకాల నేను నడిచాను.

క్లినిక్కు మేడ మీద. ఇరవై రెండు మెట్లు. మెట్టుకో దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కాను. పదిహేడో మెట్టు దగ్గర నాకు తెలిసిన దేవుళ్ళంతా అయిపోతే, మిగతా అయిదు మెట్లకీ మా ఆఫీసు వాళ్ళని తలుచుకున్నాను. పైన ఒక పొడుగాటి బెంచీ, గోడ మీద మనిషంత దవడ బొమ్మ, అట్టముక్కల మీద నంబర్లు రాసి టోకెన్లిచ్చే ఒకావిడ. బెంచీ చివర, కిటికీ పక్కన, ఆయన.

అరవై దాటిన మనిషి. మెడదాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా. ఒళ్ళో గొడుగు. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా గొడుగు ఉండాల్సిందే. గొడుగు మీద చిన్న స్టీలు కారేజీ. చేతిలో జేబురుమాలు, దాని మడతలో నాలుగు లవంగాలు. రెండు మాటలు మాట్లాడటం, రుమాలు కుడి దవడకి ఆనించుకోవడం, మళ్ళీ రెండు మాటలు.

"ఏ పన్ను బాబూ?"

నేను బుగ్గ చూపించాను.

"అది బస్టాండు నుంచే కనపడుతోందండి. పైదా, కిందదా?"

"కిందది."

"పడుకుంటే గుండెకాయ పంట్లోకి దిగొచ్చి కొట్టుకుంటోందా?"

"అవునండీ! అచ్చం అలాగే!"

"అయితే రూట్ కెనాల్. పీకరు, భయపడకండి. రండి, ఇలా కూర్చోండి. మొత్తం చెప్తాను."

చెప్పడమంటే అలా ఇలా కాదు. లోపల జరగబోయేదంతా తిరునాళ్ళకి దారి చెప్పినట్టు మలుపు మలుపూ చెప్పారు. "ముందు ఫొటో తీస్తారు. నవ్వక్కర్లేదు. చిన్న బిళ్ళ నోట్లో పెడతారు, డోకొచ్చినట్టుంటుంది. ముక్కుతో ఊపిరి తీసుకోండి, పోతుంది. తర్వాత ఇంజక్షను. చీమ కుట్టినట్టు ఉంటుందంటారు, నమ్మకండి. కందిరీగ. కాకపోతే ఒక్కటే కందిరీగ, పది లెక్కపెట్టేలోపు వెళ్ళిపోద్ది. ఆ తర్వాత మీ పెదవి అరిటాకంత అయినట్టుంటుంది. నిజంగా అవ్వదు. తడిమి చూసుకోకండి, ఎవరిదో పెదవి పట్టుకున్నట్టుండి హడలిపోతారు. తర్వాత మిషను. మోత ఎక్కువ, నొప్పి తక్కువ. నొప్పనిపిస్తే ఎడం చెయ్యి ఎత్తండి, మేడంగారు ఆపేస్తారు. కుడి చెయ్యి ఎత్తకండి, మేడంగారి మోచేతికి తగుల్తుంది."

"ఇవాళ్టితో అయిపోతుందాండీ?"

"ఎక్కడండీ! ఇవాళ లోపల కుళ్ళంతా తీసి, మందు పెట్టి, పైన తాత్కాలికంగా మూస్తారు. ఇంకో రెండుసార్లు రావాలి. ఆఖర్న క్యాపు, దానికి వచ్చేసారే కొలత. మెత్తటి పిండిముద్ద లాంటిది నోట్లో పెట్టి కొరికి పట్టుకోమంటారు. మింగకండి."

"ఎవరైనా మింగారా?"

"మింగబోయాడండి, పొన్నూరాయన. పాపం టిఫిన్ చెయ్యకుండా వచ్చాడు. మీరు తిన్నారా? బీపీ, షుగరు ఏమన్నా ఉన్నాయా? ఉంటే ముందే చెప్పండి, దాచుకోడానికి ఇదేం పెళ్ళిచూపులు కాదు."

ఇంత చెప్పి, తన జేబులోంచి ఒకటో నంబరు అట్టముక్క తీసి నా చేతిలో పెట్టి, నా ఆరో నంబరు లాక్కున్నారు. "మీ బుగ్గ అర్జంటండి. వెళ్ళండి. ముందే చెప్పేస్తే నొప్పి చిన్నబుచ్చుకుంటుంది. సగం గుమ్మంలోనే ఆగిపోద్ది."

లోపలికి వెళ్ళాను. ఆయన చెప్పిన వరసలో, ఆయన చెప్పినట్టే, బిళ్ళ, డోకు, కందిరీగ, అరిటాకు, మోత. ఎంత అచ్చంగా జరిగిందంటే, డాక్టరమ్మ ఆయన దగ్గర పాఠం అప్పజెబుతోందేమో అనిపించింది.

బయటికి వచ్చేసరికి గుమ్మంలో ఆయన. "మాట్లాడకండి. పదికి ఎన్ని?"

బెంచీ మీదివాళ్ళంతా మెడలు సాచి నన్నే చూస్తున్నారు. వాళ్ళలో ఒక ముసలమ్మ ఒకటే వణికిపోతోంది. నేను అయిదు వేళ్ళు చూపించాను. ఆయన బెంచీ వైపు తిరిగి, "రూట్ కెనాల్, మొదటిరోజు, అయిదు" అని రేడియోలో వాతావరణం చెప్పినట్టు చెప్పారు.

అదీ అక్కడి పద్ధతి. లోపలికి వెళ్ళేవాళ్ళకి ఆయన చెప్పాలి. బయటికి వచ్చినవాళ్ళు ఆయనకి చూపించాలి. మంగళవారం, శుక్రవారం ఈ కొలువు తప్పేది కాదు. ఆయన నోట్లోంచి రాని పంటి విషయం లేదు. "గార తీయించుకుంటే పళ్ళ మధ్య సందులొచ్చాయని గొడవ చేస్తారండి. సందులు ముందునుంచీ ఉన్నాయి, గార కప్పెట్టింది. రెండ్రోజులు చన్నీళ్ళు జివ్వుమంటాయి, అంతే." కట్టుడుపళ్ళకి వచ్చినవాళ్ళతో, "మొదటి వారం నోట్లో ఇంకెవరో కాపరం పెట్టినట్టుంటుంది. పేపరు గట్టిగా చదవండి, ఆ అద్దెకొచ్చినవాళ్ళు సర్దుకుంటారు." పన్ను పీకించుకునేవాళ్ళతో, "నొప్పుండదు, లాగుడుంటుంది. కరకరమని మోతొస్తుంది, అది మీ ఎముక కాదు. దూది గంటసేపు కొరికి పట్టుకోండి. రేపటిదాకా పుక్కిలించకండి, ఉమ్మకండి, వేడి ముట్టుకోకండి. ఐస్‌క్రీము తినొచ్చు." ఆ ఐస్‌క్రీము మాట ఎంత ఊరిస్తూ అనేవారంటే, ఏ నొప్పీ లేకుండా తోడు వచ్చినవాళ్ళు కూడా ఒక పన్ను పీకించుకుపోదామా అన్నట్టు దవడలు తడుముకునేవారు.

ఇంతకీ ఈయన ఎవరు?

టోకెన్లావిణ్ణి అడిగాను. "మేడంగారి బాబాయ్ గారండి. అర్జంటు కేసులకని అందరికంటే ముందొచ్చి ఒకటో నంబరు తీసి ఉంచుతారు" అంది. కింద మందుల షాపాయన, "రేపల్లెలో రిటైరైన పెద్ద పంటి డాక్టరండి ఆయన" అన్నాడు. రెండోసారి కుర్చీలో పడుకుని నోరు తెరిచి ఉండగా డాక్టరమ్మే, "బయట మా టోకెన్లావిడ వాళ్ళ బాబాయ్ గారు ఉంటారు చూశారా, పేషెంట్లకి ఎంత బాగా చెప్తారో" అంది.

నేను వెంటనే ఎడం చెయ్యి ఎత్తాను. ఆవిడ మిషను ఆపేసింది.

"నొప్పా అండీ?"

"కాదండి, సందేహం."

కానీ నోట్లో నాలుగు రకాల ఇనపసామాను ఉండటం వల్ల ఆ సందేహం గురగురమని మాత్రమే వినిపించింది. ఆవిడ ఇంకొంచెం మందు ఎక్కించింది. నా సందేహం కూడా మొద్దుబారిపోయింది.

మా వైపు ఇదొక చిక్కు. తెల్ల చొక్కా వేసుకున్న ప్రతి పెద్దాయనా బాబాయే. టోకెన్లావిడ బాబాయ్ గారూ అంటుంటే డాక్టరమ్మ విని, ఆవిడ బాబాయి అనుకుంది. డాక్టరమ్మ బాబాయ్ గారూ అంటుంటే టోకెన్లావిడ విని, డాక్టరమ్మ బాబాయి అనుకుంది. ఇద్దరికీ బాబాయి అయిన మనిషిని "మీరెవరండీ" అని అడిగే మర్యాదలేనివాళ్ళు మొత్తం తెనాలిలో లేరు.

మూడోసారి, క్యాపు పెట్టించుకునే రోజున, నేను రేపల్లె రైలు రాకముందే వెళ్ళి కూర్చున్నాను. ఒకటో నంబరు నాకే వచ్చింది. కాసేపటికి ఆయన మెట్లెక్కి వచ్చారు. వచ్చి, నా చేతిలో ఒకటో నంబరు చూసి, ఎందుకో తేలిగ్గా ఊపిరి వదిలారు. రెండో నంబరు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. గొడుగుంది. కారేజీ లేదు.

"కారేజీ తెచ్చుకోలేదేంటి బాబాయ్ గారూ?"

"ఎందుకండీ, తింటేగా. ఇన్నాళ్ళూ ఎడం పక్కన నెట్టుకొచ్చాను. మూడ్రోజులై ఎడం పక్క నమిలినా కుడి పక్క లాగేస్తోంది. మజ్జిగతో సరిపెడుతున్నాను."

అప్పుడు వెలిగింది నాకు. ఆ రుమాలు, ఆ లవంగాలు, టీ తాగేటప్పుడు తలని ఎడం వైపు ఒరగేసుకోవడం. అదంతా పెద్దరికం అనుకున్నాను.

"మీకు ఇంతకుముందు రూట్ కెనాల్ ఎప్పుడు చేశారండీ?"

"చెయ్యలేదండి."

"పన్ను పీకింది?"

"ఇక్కడ పీకలేదు."

"పోనీ గార?"

"ఆ కుర్చీ ఎక్కితే కదండీ."

"మరి ఇవన్నీ మీకెలా తెలుసు?"

"అదేంటండీ? మీరంతా చెప్పిందేగా!"

నా బుర్ర గిర్రున తిరిగింది. గోడమీద దవడ బొమ్మ నన్ను చూసి నవ్వింది. నెలల తరబడి వారానికి రెండుసార్లు, పొద్దున్నే మొదటి రైలెక్కి, ఒకటో నంబరు పట్టి, గుమ్మం దాకా వచ్చి, ఎవరి ముఖమైనా వాచి కనపడితే చాలు, ఆ నంబరు వాళ్ళకిచ్చేసి, వాళ్ళ నంబరు పిలిచేలోపు దాన్నీ ఇంకొకళ్ళకి మార్చేసి తప్పించుకుంటున్న మనిషి ఈయన! మేమంతా త్యాగమనుకుని దణ్ణాలు పెట్టాం.

"ఎందుకండీ అంత భయం?"

ఆయన రుమాలు దవడకి నొక్కుకున్నారు. "చిన్నప్పుడు పదేళ్ళుంటాయేమో. పన్ను నొప్పంటే మా నాన్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాడండి. ఆయన ఊరికే చూస్తాను, ఆ అను అన్నాడు. ఆ అన్నాను. లాగేశాడు. నొప్పి సంగతి మర్చిపోయానండి, ఎప్పుడో మర్చిపోయాను. లాగుతానని చెబితే నేనే నోరు తెరిచేవాణ్ణి కదండీ. చూస్తానని లాగాడు. ఆ తర్వాత ఎవరు ఊరికే చూస్తానన్నా నా దవడ తాళం పడిపోద్ది. అందుకే ముందు మొత్తం తెలుసుకుని వెళ్దామని కూర్చున్నాను. తెలుసుకున్నకొద్దీ ఇంకా ఏదో మిగిలిపోయినట్టుంటుంది."

నేను నా ఒకటో నంబరు ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని నిప్పులా చూశారు.

"ఇవాళ మీరు వెళ్ళకపోతే నేను క్యాపు పెట్టించుకోను. ఈ పన్నుతో ఇలాగే ఇంటికి పోతాను" అన్నాను.

"అయ్యో, అలా చెయ్యకండి! క్యాపు లేకపోతే పన్ను పెళుసుగా ఉంటుందండి, పకోడీ కొరికినా విరిగిపోద్ది!"

"విరగనీండి. సాయంత్రం పకోడీలే తింటాను."

తన పన్నుకోసం కదలని మనిషి, నా పన్నుకోసం లేచారు. గొడుగుతో సహా లోపలికి నడిచారు. నేను వెనకే వెళ్ళాను.

ఆయన కుర్చీలో కూర్చోగానే డాక్టరమ్మ నవ్వుతూ, "ఏంటి బాబాయ్ గారూ, కుర్చీ మెత్తగా ఉందో లేదో చూస్తున్నారా?" అంది. ఆయన గొడుగుని గుండెలకి హత్తుకున్నారు. ఆవిడ టోకెన్లావిణ్ణి పిలిచింది. "మీ బాబాయ్ గారు కుర్చీలో కూర్చున్నారేంటండీ?"

"మా బాబాయా? మీ బాబాయ్ గారు కదండీ మేడం!"

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి నావంక చూశారు. నేను గొడుగు వంక చూశాను.

"నేను పేషెంటునమ్మా" అన్నారాయన.

డాక్టరమ్మే ముందు తేరుకుని, గ్లౌజులు తొడుక్కుంటూ, "అలాగే బాబాయ్ గారూ. నోరు తెరవండి, ఊరికే చూస్తాను" అంది.

ఆయన కుర్చీలోంచి స్ప్రింగులా లేచారు. నేను భుజాలు పట్టుకుని ఆపాను. "ఆ మాట తప్ప ఇంకేదన్నా అనండి మేడం. ఏం చెయ్యబోతున్నారో అది మాత్రం ముందే చెప్పండి" అన్నాను. ఆవిడ మంచిది. అర్థం చేసుకుంది. చేతిలో ఉన్న చిన్న అద్దం ఆయనకి చూపించింది. "ఇది అద్దం బాబాయ్ గారూ. దీంతో చూస్తాను, తాకను. తాకేముందు చెప్తాను. పీకాల్సొస్తే అదీ చెప్తాను. ముందు ఫొటో. తర్వాత ఇంజక్షను, చీమ కుట్టినట్టు..."

"చీమ కాదమ్మా" అన్నారాయన. "కందిరీగ."

"సరే, కందిరీగ."

అప్పుడు తెరిచారు నోరు. నన్ను బయటికి పంపేశారు. తలుపు మూసుకుంటుంటే టోకెన్లావిడ కాగితం మీద రాసుకోడానికి పేరడుగుతోంది. ఆయనేదో చెప్పారు. నాకు వినపడలేదు.

బయట బెంచీ నిండిపోయింది. కిటికీ పక్క చోటొక్కటే ఎవరూ కూర్చోకుండా వదిలేశారు. నేనే కూర్చున్నాను. నా పక్కన నిజాంపట్నం నుంచి వచ్చినావిడ, చేపల బేరం చేసే మనిషి, పన్ను పీకించుకోడానికి వచ్చింది. "సముద్రంలో పడవ తిరగబడితే ఈదుకొచ్చానయ్యా. ఈ కుర్చీని చూస్తే కాళ్ళు ఆడటంలా. ఆ పెద్దాయన చెప్తాడని వచ్చాను, ఆయనేంది లోపలికెళ్ళాడు?"

"పీకించుకోడానికే అనుకుంటానమ్మా."

"అమ్మో! అయితే ఆయన వచ్చి చెబితేనే వెళ్తా. ఎక్కువుందంటే ఇట్నుంచి ఇటే రైలెక్కుతా."

మిషను మోగలేదు. కేక వినపడలేదు. ఎంతసేపయిందో తెలియదు; నా లెక్కలో రేపల్లె రైలు మూడుసార్లు వెళ్ళొచ్చింది. తలుపు తెరుచుకుంది. నోట్లో దూది, చొక్కా గుండీలు మెడదాకా, కళ్ళల్లో నీళ్ళు. నొప్పి నీళ్ళో మరేం నీళ్ళో చెప్పలేను.

ఇన్నాళ్ళూ అందర్నీ అడిగిన మనిషిని అడిగేవాళ్ళెవరు? నేనే లేచాను. "మాట్లాడకండి బాబాయ్ గారూ. పదికి ఎన్ని?"

ఆయన కుడి చెయ్యి ఎత్తారు. అయిదు వేళ్ళూ విచ్చుకుని ఉన్నాయి. ఎడం చెయ్యి కూడా లేచింది. దాంట్లో రెండు వేళ్ళు. ఏడు! అంతలో ఆయన చూపు చేపలావిడ మీద పడింది. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెట్ల వైపు ఒక అడుగు వేసి ఉంది. ఆయన ఎడం చెయ్యి మెల్లగా కిందికి దిగి, జేబులో రుమాలు వెతుక్కోడానికే లేచినట్టు జేబులోకి వెళ్ళిపోయింది. కుడి చేతిలో చిటికెన వేలు ముడుచుకుంది. ఉంగరపు వేలు ముడుచుకుంది. బొటనవేలు ముడుచుకుంది.

"రెండేనా బాబాయ్?" అందావిడ.

ఆయన తల ఊపారు. ఆవిడ చెంగు దోపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి దొరికిన ఆటోలో స్టేషనుకి ఎక్కిస్తూ, "నిజం చెప్పండి, ఏడా, రెండా?" అని ప్రాధేయపడ్డాను. ఆయన దూది వైపు చూపించి, గంటసేపు దూది కొరికి పట్టుకోవాలన్న తన రూలు తనే పాటించి, గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయారు. నేను క్యాపు పెట్టించుకోడానికి తిరిగి మేడెక్కేసరికి చేపలావిడ పన్ను పీకించుకుని వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ ఆ బెంచీ మీద కనపడలేదు. ఇక ఎందుకు వస్తారు, అన్నం తింటూ ఉంటారు.

కానీ ఆరోజు నుంచీ నాకు నిద్ర సరిగా లేదు. మొదటిరోజు నేను చూపించిన అయిదు నిజంగా అయిదేనా? ఆ ముసలమ్మ అలా వణక్కపోతే ఎన్ని చూపించేవాణ్ణి? పొన్నూరాయన ఎన్ని ముడిచాడు? అందరూ ముడుచుకుంటూ వస్తే, ఆయన నెలల తరబడి పోగేసిన జ్ఞానమంతా ఏమైనట్టు? అయినా అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి కదా!

బాపట్ల బెంచీ మీద ఆకుపచ్చ చీర అమ్మాయిని అడిగాను. "ఈ వేళ్ళ సంగతి నీకెవరు చెప్పారమ్మా?"

"మా అత్తండి. నిజాంపట్నంలో చేపలమ్ముద్ది. తెనాలిలో ఒక పెద్ద డాక్టరుగారు బయటికొచ్చి రెండు వేళ్ళు చూపించారంట. లోపలికెళ్తే సరిగ్గా రెండేనంట బాబాయ్ గారూ! కొలిచినట్టు! ఒక్క వేలు ఎక్కువుంటే ఒట్టు అంటది."

ఆయన డాక్టరు కాదమ్మా అని చెప్పబోయాను. రెండూ కాదమ్మా అని కూడా చెప్పబోయాను. అంతలో నా నంబరు పిలిచారు.

ఈసారి ఎడం వైపు పన్ను. పీకేశారు. కుర్చీలో ఉండగానే పకడ్బందీగా లెక్క వేసుకున్నాను. నాలుగు. మూడుకి ఎక్కువ, అయిదుకి తక్కువ, ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేస్తాను, నాలుగు. దూది కొరికి పట్టుకుని బయటికి వచ్చాను. ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మాట్లాడకండి బాబాయ్ గారూ. ఎన్ని?"

చెయ్యెత్తాను. నాలుగు వేళ్ళూ లేచాయి. ఆ అమ్మాయి కళ్ళు వాటి మీదున్నాయి. చూస్తూ ఉండగానే రెండు వేళ్ళు నన్నడక్కుండా ముడుచుకుపోయాయి.

"రెండే! మా అత్త చెప్పింది కదా!" అని, చీర కుచ్చిళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఇంటికి వెళ్ళలేదు. బెంచీ చివర కూర్చుని, దూది కొరుకుతూ, ఆ అమ్మాయి బయటికి వచ్చి ఎన్ని చూపిస్తుందా అని తలుపు వంకే చూస్తూ ఉండిపోయాను.